గరిటె ఎవరి చేతిలో

బఫే అంటే ఏమిటో పూర్తిగా తెలియాలంటే ఓడలో పొద్దుటి ఫలహారం చూడాలి. హోటళ్లలోనూ బఫే ఉంటుంది, పెళ్లిళ్లలోనూ ఉంటుంది. అక్కడ నచ్చకపోతే బయటికొచ్చి ఎదురు సందులో దోసె తినొచ్చు. ఓడలో ఆ వీలు లేదు, చుట్టూ నీళ్లే. రాత్రి భోజనమైతే రెండు విడతలుగా, నాలుగైదు చోట్ల జరుగుతుంది. పొద్దున మాత్రం వేల మంది ఇంచుమించు ఒకే సమయానికి లేచి ఒకే అంతస్తుకు చేరతారు. ఓడ రేవులో ఆగే రోజైతే ఎనిమిదిలోపే తిని దిగాలని అందరికీ తొందర. పసిపిల్లకు పాలు కావాలి. షుగర్ మాత్ర వేసుకున్న పెద్దాయన కడుపులో వెంటనే ఏదో ఒకటి పడాలి. మా సికింద్రాబాద్ బృందానికి అన్నిటికంటే ముందు చాయ్ కావాలి. వీళ్లందరినీ తృప్తిపరిచి పదిన్నరకల్లా బల్లలు తుడిచేసి, పదకొండున్నరకు మధ్యాహ్న భోజనం సిద్ధం చేసే మనుషులంటే నాకు చాలా గౌరవం.

సికింద్రాబాద్‌కు సముద్రం లేదు. ఉన్నదల్లా హుస్సేన్ సాగర్, అందులో తిరిగే లాంచీలు. అయినా మారేడుపల్లిలో, తార్నాకలో ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం. 1974 నుంచి ఈ ఊరికి సముద్రాన్ని దగ్గర చేసిన బండి అది. 2022 జూన్ 8న ఆ విశాఖ రేవు నుంచే కార్డీలియా కంపెనీ వారి ‘ఎంప్రెస్’ ఓడ పుదుచ్చేరి, చెన్నైల వైపు బయల్దేరింది. 1990లో ఫ్రాన్సులో ‘నార్డిక్ ఎంప్రెస్’ అన్న పేరుతో కట్టిన ఓడ అది. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఇంకొందరు శంషాబాద్‌లో విమానమెక్కి సింగపూర్ వెళ్లి, మెరీనా బే దగ్గర ఓడ పట్టుకుని పెనాంగ్, ఫుకెట్ చూసి వస్తున్నారు. తిరిగొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగి చూడండి. సముద్రం గురించి రెండు మాటలు చెప్పి, తిండి గురించి ఇరవై మాటలు చెబుతారు. నాకందులో తప్పేమీ కనిపించదు. ఇల్లు వదిలి వెళ్లినచోట పొద్దున ఎవరు ఏం పెట్టారు, ఎలా పెట్టారు అన్నదాన్నిబట్టే కదా మనల్ని ఎంతగా ఆదరించారో తెలిసేది.

మా తమ్ముడి కొడుకు ఓడలో వంటవాడు. ఈ ప్రాంతం పిల్లలకు ఆ దారి కొత్తేమీ కాదు. బేగంపేటలో 1996లో మొదలైన కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. అంతకు ముందే 1972లో వచ్చిన విద్యానగర్ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వంట చదివితే చాలదు. ఓడ ఉద్యోగులకిచ్చే సీడీసీ పుస్తకం కావాలి. మంటలార్పడం, నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. ఆమ్లెట్ వేసే కుర్రాడికి కూడా లైఫ్‌బోటు దగ్గర తన స్థానమేదో తెలిసి ఉండాలి.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు వాడి నోట విన్నదే నాకు గ్యాలీ, అంటే ఓడ వంటగది గురించి తెలిసిన మొదటి సంగతి.

“అత్తమ్మా, మీకు పొద్దున ఏడింటికి షురూ అయితది. మాకు రాత్రి పదకొండింటికే షురూ. మీరంతా డ్యాన్సులు చూస్తుంటే మా బేకర్లు పిండి కలుపుతుంటరు” అన్నాడు.

బన్నులు, మఫిన్లు, క్రోసాంట్లు అన్నీ రాత్రంతా కాలతాయి. తెల్లవారుజామున పండ్లు కోసేవాళ్లు దిగుతారు: పుచ్చకాయ, ఖర్బూజా, అనాస ముక్కలు ట్రేలకు ట్రేలు. ఆ తర్వాత గుడ్లు, బంగాళాదుంపలు. మనవాళ్లు ఎక్కువగా ఎక్కే ఓడల్లోనైతే ఇడ్లీ, వడ, ఉప్మా, పోహా, పరాఠాలు కూడా. ఏ వంటకమూ ఒకేసారి చేసి పెట్టేయరు. చిన్న ట్రేల్లో చేసి, అయిపోతున్నకొద్దీ కొత్తది తెస్తారు. బాగా నడిచే ఓడనీ నడవని ఓడనీ వేరుచేసేది ఇదేనంటాడు వాడు. సగం ఖాళీ అయిన పాత ట్రేలో కొత్తది పోస్తే రుచీ పోతుంది, శుభ్రతా పోతుంది. పాతది పూర్తిగా తీసేసి కొత్తది పెట్టాలి. చిన్న విషయంలాగే ఉంటుంది గాని, గంటలో పాతికసార్లు ట్రే మోసే మనిషిని అడగాలి దాని బరువెంతో.

ఈ పనికి ఆదివారం లేదు. ఒప్పందం నడిచినన్ని నెలలూ రోజూ పనే. రోజులో 14 గంటలకు మించి పని ఉండకూడదనో, కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలనో దేశాలు నియమం పెట్టుకోవాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక చెబుతుంది. భారతదేశం దాన్ని 2015లో ఆమోదించింది. హద్దే పద్నాలుగు గంటల దగ్గర ఉందంటే ఆ కొలువు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. పొద్దున మనకు “గుడ్ మార్నింగ్ మేడమ్” చెప్పే కుర్రాడు అప్పటికే మూడు గంటల నుంచి నిలబడి ఉంటాడు.

వాడి చొక్కా చేతి జేబులో పెన్నులా కనిపించేది థర్మామీటరు. వేడి పదార్థం 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు, చల్లనిది 5 డిగ్రీలు దాటకూడదు. అమెరికా రేవులకు వెళ్లే ఓడలు పాటించే లెక్క ఇది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 1970ల నుంచి ఓడల పరిశుభ్రతను తనిఖీ చేస్తోంది. ముందు చెప్పకుండా వస్తారు, వందకు మార్కులు వేస్తారు. 85, అంతకు తక్కువ వస్తే తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూసుకునేలా బయటపెడతారు. మన ఊళ్లో ఫలహారశాలకు కూడా ఇలా గుమ్మంలో మార్కుల కాగితం అంటిస్తే ఎంత బాగుంటుందోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఓడలో కడుపుకు సంబంధించిన జబ్బు మొదలైతే ఆపడం కష్టం. నోరోవైరస్ అనే క్రిమి వాంతులు, విరేచనాలతో రెండు మూడు రోజులు మనిషిని మంచాన పడేస్తుంది. చేతికి రాసుకునే శానిటైజరుకు అది పెద్దగా లొంగదు. సబ్బుతో నీళ్లు పోసి కడుక్కోవాల్సిందే. అందుకే చాలా ఓడల్లో ఫలహారశాల గుమ్మంలోనే చేతులు కడిగే కుళాయిలు పెట్టారు. పాటలు పాడుతూ, ఆటపట్టిస్తూ అందరి చేతా చేతులు కడిగించే మనుషుల్ని కూడా పెట్టారు. తినే ముందు కాళ్లూ చేతులూ కడుక్కోమని మన ఇళ్లలో పెద్దవాళ్లు వెంటపడేవాళ్లు. ఓడలో ఆ పెద్దరికం ఇరవై రెండేళ్ల కుర్రాడు తీసుకుంటాడు.

చేతులు కడుక్కున్నా ఒక చిక్కు మిగులుతుంది, అది గరిటె. 2020లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఒక ప్రయోగం చేసి చూపించింది. పది మందిని బఫేలో తినమన్నారు. వాళ్లలో ఒకరి చేతికి మాత్రం చీకట్లో మెరిసే రంగు పూశారు. అరగంట తర్వాత ప్రత్యేకమైన దీపం వేసి చూస్తే ఆ రంగు అందరికీ అంటుకుని ఉంది, కొందరి ముఖాల మీద కూడా. మధ్యలో ఉన్నవి పట్టకార్లు, మూతలు, జ్యూస్ కూజా పిడి. వంద మంది పట్టుకున్న గరిటె నూటొకటో మనిషి చేతికి వస్తుంది, ఆ చేత్తోనే రొట్టె తుంచుకుంటారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో యోకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడ కోవిడ్‌తో నిలిచిపోయింది. అందులో ఉన్న 3,700 మందికి పైగా మనుషుల్లో ఏడు వందల మందికి పైగా వైరస్ సోకింది. ఆ తర్వాత లోకంలో విహార ఓడలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. మళ్లీ కదిలినప్పుడు చాలా ఓడల ఫలహారశాలల్లో ఒక మార్పు వచ్చింది. వంటకాలు అవే, బల్లలు అవే. కానీ గరిటె ప్రయాణికుడి వైపు నుంచి అద్దం అవతలికి, సిబ్బంది చేతిలోకి వెళ్లింది. మనం పళ్లెం చాపాలి, వాళ్లు వడ్డించాలి. భయం తగ్గాక చాలా కంపెనీలు గరిటెను మళ్లీ ప్రయాణికులకే ఇచ్చేశాయి. కొన్ని మాత్రం ప్రయాణం మొదలైన తొలి ఒకటి రెండు రోజులు వడ్డనను తమ చేతుల్లోనే ఉంచుకుంటున్నాయి. నన్నడిగితే అది అన్ని రోజులూ వాళ్ల చేతుల్లోనే ఉండాలి. జబ్బు ఒక కారణం మాత్రమే, నాకు అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది.

సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్లకు పొద్దుటి ఫలహారంలో వడ్డించే మనిషి విలువ తెలుసు. స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ లాంటి చోట బండి దిగినవాడూ, బండి ఎక్కబోయేవాడూ, రాత్రంతా ఆటో నడిపినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పాత ఇరానీ హోటళ్లలో ఒక పద్ధతి ఉండేది. పాలరాతి బల్ల దగ్గర కూర్చోగానే అడక్కుండానే ఒక ప్లేటు తెచ్చి పెట్టేవాళ్లు, ఉస్మానియా బిస్కెట్లు, చిన్న ఉల్లి సమోసాలు. తిన్నన్ని తినొచ్చు, మిగిలినవి వెనక్కి వెళ్తాయి. లేచేటప్పుడు బేరర్ ఒక్కసారి ప్లేటు వంక చూసి ఎన్ని తగ్గాయో లెక్కగట్టి, గల్లా దగ్గరున్న సేటుకు వినబడేలా డబ్బు ఎంతో అరిచేవాడు. చిట్టీ లేదు, రాత లేదు. మన ముందు అన్నీ పెట్టి ఎంచుకోమనడం అక్కడా ఉంది. కానీ ఎంచుకునేవాణ్ణి ఒంటరిగా వదల్లేదు. బేరర్ కన్ను మన బల్ల మీదే ఉండేది. కప్పు ఖాళీ అయితే “ఔర్ ఏక్?” అని అడిగేది అతనే. ఖిచ్డీ, ఖీమా తినేవాళ్ల పళ్లెంలో ఖట్టా తగ్గితే పోసేది కూడా అతనే.

ఇంట్లో శుభకార్యాల్లో బంతి భోజనాలు చూసినవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. బంతిలో మొగమాటపడేవాళ్లుంటారు, రెండోసారి అడగలేనివాళ్లుంటారు. వాళ్ల ముందు ఆగి “ఇంకో ముద్ద, నా మాట వినండి” అని కొసరి వడ్డించే మనిషి ఒకడుంటే ఆ పూట నిండేది. ఇప్పుడు కార్ఖానాలోనైనా బోయినపల్లిలోనైనా ఫంక్షన్ హాలుకు వెళ్తే అరవై రకాలు ఉంటాయి, కొసరే మనిషి ఉండడు. కర్ర పట్టుకుని వచ్చిన పెద్దావిడ ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో కర్ర పట్టుకుని, గరిటె ఏ చేత్తో తీయాలో తెలియక చాఫింగ్ డిష్ ముందు నిలబడిపోతుంది. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఈమధ్య సింగపూర్ నుంచి వెళ్లిన ఓడలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది చూశాను. ఫలహారశాలలో భారతీయ వంటల బల్ల వెనక ఒక ఇండోనేషియా కుర్రాడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. నా ముందు ఒక పెద్దావిడ, మాటనుబట్టి గుంటూరు వైపు మనిషి. ఆమెకు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. ఆమె ఒక వేలు చూపించింది. ఒక ఇడ్లీ పెట్టాడు. సాంబారు గరిటె ఎత్తగానే ఆమె కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది. అతను ఆగి, గరిటె కొంచెం వంచి “ఇంతా?” అన్నట్టు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి, దొప్పలా చెయ్యి పట్టి చూపించింది. అతనికి అర్థమైంది. వంగి కింది అరలోంచి చిన్న గిన్నె తీసి సాంబారు అందులో పోసి, పళ్లెంలో ఇడ్లీకి తగలకుండా ఒక పక్కన పెట్టాడు. వెనక క్యూ ఉంది, ఎవరూ విసుక్కోలేదు. మరునాడు ఆమె కనిపించగానే నోరు తెరవకముందే గిన్నె తీశాడు. ఆమె తెలుగులోనే అడిగింది: “నువ్వేమైనా తిన్నావా నాయనా?” అతను నవ్వి గోడ మీద గడియారం వైపు చూపించాడు. పదిన్నర తర్వాతనన్నమాట.

ఆ గిన్నె కోసం వంగినంత సేపులో జరిగినదాన్ని ఏ మెనూ కార్డులోనూ రాయరు. బల్ల మీద నలభై రకాలు ఉన్నా ఆమెకు కావాల్సింది ఒకే ఒక్క ఇడ్లీ, విడిగా సాంబారు. అడగడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఆమె సాంబారులో నానిన ఇడ్లీని సగం తిని వదిలేసేది, లేదా వట్టి రొట్టెతో సరిపెట్టుకునేది.

వడ్డిస్తూ పోతే క్యూ పెరుగుతుందని అంటారు. నిజమే, కొంత పెరుగుతుంది. కానీ ఏ బఫేలోనైనా గమనించండి, అందరికంటే పొడుగు క్యూ ఆమ్లెట్ దగ్గరే ఉంటుంది. పక్కనే ట్రేలో గిలక్కొట్టి వేయించిన గుడ్లు ఆవిర్లు కక్కుతూ ఉన్నా జనం వాటిని దాటి వెళ్లి ఆమ్లెట్ కోసం నిలబడతారు. రుచి ఒక్కటే దానికి కారణమనుకోను. మొత్తం ఫలహారశాలలో “ఉల్లిపాయ వేయనా? మిర్చి? బాగా కాల్చాలా?” అని అడిగే మనిషి అక్కడ ఒక్కడే ఉంటాడు. పది నిమిషాలు నిలబడినా ఆ మూడు ప్రశ్నల కోసం నిలబడొచ్చు. రెండు పెనాల మీద ఒకేసారి వేస్తూ, ముందున్నవాళ్లకు తిరగేస్తూ, వెనకవాళ్లను పలకరించే ఆ చెయ్యి చూడడమే ఒక వేడుక. మా మేనల్లుడు తన పనులన్నిటిలోకీ దీన్నే ఇష్టపడతాడు. “అక్కడ మనుషులు మొఖం చూసి మాట్లాడ్తరు అత్తమ్మా, లోపల గ్యాలీల ట్రేలే చూస్తం” అంటాడు.

గరిటె మన చేతికొస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. పళ్లెం పెద్దది, డబ్బు ముందే కట్టేశాం, మళ్లీ వచ్చేసరికి అయిపోతుందేమోనన్న భయం. వడ మీద పుచ్చకాయ, దాని పక్కన క్రోసాంటు, దాని కింద పోహా. బల్ల దగ్గర కూర్చున్నాక సగమే తినగలరు. ఆ మిగిలినది ఎక్కడికి వెళ్తుంది? ఓడలో యంత్రాలతో రుబ్బుతారు. సముద్ర కాలుష్యం మీద ఉన్న అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, సాధారణంగా 25 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలోంచి దిగేంత చిన్నగా చేస్తే తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక, రుబ్బకపోతే 12 మైళ్లు దాటాక సముద్రంలో వదలొచ్చు. రాత్రంతా మేలుకుని కాల్చిన బన్ను, తెల్లవారుజామున కోసిన పండు, అలా నీళ్లలోకి పోతాయి. అన్నం పారేస్తే కళ్లకద్దుకుని క్షమించమని అడిగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఇది చూసి మామూలుగా లేచి వెళ్లిపోలేం.

నార్వే పరిశోధకులు ఇద్దరు ఉత్తర ఐరోపా హోటళ్ల బఫేల్లో రెండు పనులు చేసి చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొన్నిచోట్ల పళ్లెం కొంచెం చిన్నది చేశారు. కొన్నిచోట్ల, ఒకేసారి ఎక్కువ పెట్టుకోవడం కన్నా ఎన్నిసార్లైనా మళ్లీ రండి అని చిన్న బోర్డు పెట్టారు. రెండు పద్ధతుల్లోనూ వృథా సుమారు ఐదో వంతు తగ్గింది. అతిథుల తృప్తి మాత్రం తగ్గలేదు. ఆ బోర్డు చేసిన పని మన బంతుల్లో మారు వడ్డించేవాడు ఎప్పటినుంచో చేస్తున్నాడు. కొంచెం పెట్టి మళ్లీ వస్తాడు. మళ్లీ వస్తాడన్న నమ్మకం ఉంటే ఎవరూ పళ్లెం నింపుకోరు.

ఈ మాఘమాసంలో మా ఇంట్లో పెళ్లి ఉంది, ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాం. పొద్దుటి ఫలహారానికి కేటరర్ ఇరవై నాలుగు ఐటమ్స్ రాసుకొచ్చాడు. వడ్డించడానికి ఎంతమందని అడిగాను. బఫే కదమ్మా, నలుగురు బాయ్స్ చాలు, ట్రేలు నింపుతారు అన్నాడు. ప్రతి వంటకం వెనకా గరిటె పట్టుకుని ఒక మనిషి నిలబడాలన్నాను. నడవలేనివాళ్ల కోసం రెండు వరసల బల్లలు వేసి అక్కడికే తెచ్చి వడ్డించాలన్నాను. లెక్క వేసి, ప్లేటుకు రేటు పెరుగుతుందన్నాడు. కాగితం తీసుకుని పాస్తా, చాట్, నూడుల్స్ మొదలుకుని పద్నాలుగు కొట్టేశాం. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, వడ, పొంగలి, మూడు పచ్చళ్లు, సాంబారు, కాఫీ మిగిలాయి. ఆ పద్నాలుగు ఐటమ్స్ డబ్బుతో పదకొండు మంది అదనంగా వస్తున్నారు. పెసరట్టు దగ్గర అల్లం వేయమంటారా వద్దా అని అడిగే మనిషే కావాలని విడిగా రాయించాను.